అనుమతి లేని ఏరు

వీరన్నపట్నం కార్పొరేషన్‌కి కొత్త కమిషనర్ వచ్చిన ఏడాదే ఆ ఊరికి ఒక నది కూడా మంజూరయింది. అంతకుముందు నది లేదని కాదు. ఉంది. ఉత్తర్వులు లేవు, అంతే.

ఆ నది పేరు గవ్వలేరు. ఊరికి పడమరగా ఉన్న కొండ కింద పుట్టి, ఊరి మధ్యనుంచి వచ్చి, గవ్వలపేట పక్కగా సముద్రంలో కలిసేది. ఊరు పెరిగేకొద్దీ దానిమీద మొదట బల్లలు, ఆ తరవాత రాతిపలకలు, ఆ పలకల మీద రోడ్డు, రోడ్డు మీద బజారు వచ్చి కూర్చున్నాయి. ఏరు అలిగి ఎక్కడికీ వెళ్ళిపోలేదు. కిందనే తన మానాన తాను నడుస్తూ ఉంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని మరిచిపోయి, వానాకాలంలో గవ్వలపేట ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడల్లా మురికి కాలవల్ని తిట్టిపోసేవారు.

ఆ గవ్వలపేటలోనే హైమవతి ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. కాలేజీలో భూగర్భజలాల మీద పరిశోధన చేసేది. తీరిక దొరికితే రంగుల డబ్బాలు ముందేసుకుని బొమ్మలు వేసేది. ఇంటావిడ అచ్చియ్యమ్మ వీధి గుమ్మంలో ఇడ్లీలు అమ్ముకుని బతికే మనిషి. హైమవతి వచ్చిన మొదటి వానాకాలంలోనే ఒక పొద్దుటిపూట మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఇద్దరూ కలిసి ఇంట్లో సామానంతా అటకెక్కించారు. రుబ్బుకున్న పిండి మాత్రం గిన్నెతో సహా వీధిలోకి తేలిపోయింది. హైమవతి దాని వెనకాల పరిగెత్తబోతే అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"పోనీలెండమ్మాయ్. ప్రతేడూ పోద్ది. సముద్రానికి నా ఇడ్లీపిండంటే మా చెడ్డ ఇష్టం," అని నవ్వింది. నవ్వి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ కళ్ళు తుడుచుకోవడం హైమవతి మనసులో ముల్లులా దిగిపోయింది. ఆ మర్నాటినుంచి ఊరంతా తిరిగింది. మ్యాన్‌హోల్ మూతలకి చెవి ఆనించి వింది. పాడుబడ్డ బావుల్లో నీళ్ళమట్టం కొలిచింది. ముసలివాళ్ళని కూర్చోబెట్టి, ఏ వీధిలో చిన్నప్పుడు చేపలు పట్టారో అడిగింది. రెండు వానాకాలాలు గడిచేసరికి గవ్వలేరు దారంతా ఆమెకి తెలిసిపోయింది. జబ్బు ఎక్కడుందో కూడా తెలిసింది. సముద్రానికి ఇంకాస్త దూరం ఉందనగా ఒక రాతి తూము ఉంది. నీళ్ళన్నీ దాంట్లోంచే పోవాలి. స్టాండింగ్ కమిటీ చైర్మన్ బులిస్వామి గారు సరిగ్గా దానిమీదే ఫంక్షన్ హాలు కట్టుకున్నారు. కట్టినప్పటి మట్టీ, విరిగిన ఇటుకలూ తూములోనే ఉండిపోయాయి. పైన పెళ్ళిళ్ళయిన ప్రతిసారీ విస్తరాకులు కూడా వాటితో చేరాయి. ఆ తూము పూడిక తీస్తే గవ్వలపేట మునగదు.

ఈ సంగతి అర్జీ రాసి కార్పొరేషన్‌కి ఇచ్చింది. జవాబు రాలేదు. ఇంకోటి ఇచ్చింది. మొదటి అర్జీ దొరకనందువల్ల రెండోదాన్ని దానికి జతచేయలేకపోతున్నామని జవాబు వచ్చింది. కంటికి కనపడని నదిని ఎవరూ నమ్మరని అప్పుడామెకి తోచింది. నది కింద ఎటు పోతోందో పైన రోడ్డు మీద అటే ఒక నీలం గీత గీస్తే, జనం తమ కాళ్ళకింద ఏముందో చూస్తారు కదా అనుకుంది. బొమ్మల కాలేజీ పిల్లలు కొందరు తామూ వస్తామన్నారు. ఈసారి తూము మాట ఎత్తకుండా, గీత గీసుకోవడానికి అనుమతి ఇప్పించమని మాత్రం అర్జీ పెట్టింది.

కమిషనర్ విశ్వంభరరావు గారు సరిగ్గా అప్పుడే ఎక్కడో మహానగరాల మహాసభకి వెళ్ళివచ్చారు. ప్రతి గొప్ప నగరం కిందా ఒక నది దాగి ఉంటుందనీ, దానిమీద చిత్రకారులూ శాస్త్రవేత్తలూ చేతులు పట్టుకుని నడుస్తూ ఉంటారనీ అక్కడ విన్నారు. మన నగరానికి ఏ లోటూ లేదు గానీ ఈ ఒక్క లోటూ ఎందుకుండాలని తిండి సహించకుండా తిరిగి వచ్చారు. అర్జీ చూసి హైమవతిని ఆ రోజే పిలిపించారు.

ఆ గదిలో కమిషనర్ గారి కుడిపక్కన బులిస్వామి గారు, ఎడమపక్కన లా ఆఫీసర్ పానకాలరావు గారు కూర్చుని ఉన్నారు. పానకాలరావు గారు నిబంధన చూడకుండా తుమ్మను కూడా తుమ్మరని ఆఫీసులో ప్రతీతి.

"మీరు గీత అడిగారమ్మా," అన్నారు కమిషనర్ గారు. "మేము నదినే ఇస్తున్నాం."

హైమవతి ఆనందంతో రెండు చేతులూ జోడించింది. ఆ ఆనందం ఫైలు కౌన్సిల్‌కి వెళ్ళేదాకా నిలిచింది. అక్కడ ఆమె పటం గోడకి తగిలించగానే సభ్యులు లేచి నిలబడ్డారు. ఏరు కొన్ని వార్డులగుండానే పోతోంది, తక్కిన వార్డుల ప్రజలు ఏం పాపం చేశారని అడిగారు. కొండవీధి సభ్యురాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి నగర అంతర్వాహిని అన్ని వార్డులకీ సమానంగా ప్రవహించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఫంక్షన్ హాలు కిందనుంచి పోవడం శుభకార్యాలకి మంచిది కాదు కనక అక్కడ మాత్రం ఏరు పక్కకి తప్పుకోవాలన్నారు బులిస్వామి గారు. నీళ్ళు కొండవీధి మెట్లెక్కి పైకి పోవని హైమవతి నచ్చచెప్పబోయింది.

బులిస్వామి గారు ఓర్పుగా విన్నారు. "మంచినీళ్ళ ట్యాంకు కొండమీదే ఉంది గదమ్మా. నీళ్ళెక్కకుండానే నిండుతోందా?" అని అడిగారు. సభ బల్లలు చరిచింది.

నిపుణురాలి సంతకం లేనిదే నది చెల్లదని పానకాలరావు గారు చెప్పారు. హైమవతి కలం మూత పెట్టి బల్లమీద ఉంచింది. అప్పుడు కమిషనర్ గారు ముందుకి వంగి, ఒకసారి నది అంటూ ఏర్పడితే దాని తూములూ కాలవలూ అన్నీ మా బాధ్యతే కదా, మీ గవ్వలపేట సంగతి మొట్టమొదట చూస్తాం అన్నారు. అంత పెద్ద మనిషి అంత మెత్తగా చెప్పేసరికి ఆమె సంతకం పెట్టింది. ఇంటికి వెళ్ళి అచ్చియ్యమ్మకి తూము తెరుస్తారట పిన్నీ అని చెప్పింది. మిగతాది చెప్పలేదు.

నది వేయడం ఊళ్ళో పెద్ద సంబరమైంది. హైమవతీ పిల్లలూ తమ పటం ప్రకారం మొదలుపెట్టారు. నాలుగు బజార్లు దాటేసరికి ఇంజనీర్లు వచ్చి తీర్మానం ప్రకారం మలుపు తిప్పించారు. గవ్వలేరు సినిమాహాలు చుట్టూ ప్రదక్షిణం చేసింది. మార్కెట్‌లో రెండు పాయలయింది. కొండవీధి మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, సభ్యురాలి ఇంటి గుమ్మం ముందు కాసేపు ఆగి, అవతలివైపు దిగింది. ఫంక్షన్ హాలు దగ్గర వినయంగా ఒదిగి పక్క సందులోకి తప్పుకుంది. ఆఖర్న గవ్వలపేటకి వెళ్ళకుండానే, బీచిరోడ్డులో కమిషనర్ గారి బంగళా ముందు సముద్రంలో కలిసింది. మెట్ల మీద రంగు వేస్తున్నప్పుడు హైమవతి తలెత్తలేదు. తూము, తూము అని లోలోపల అనుకుంటూ కుంచె ఆడించింది.

ప్రారంభోత్సవం అయిన మర్నాడు పానకాలరావు గారు నదుల చట్టం తెప్పించుకుని చదివారు. గెజిట్‌లో నది అని పడ్డాక నదికి వర్తించేవన్నీ వర్తిస్తాయని తేల్చారు. నీలం గీత ఉన్న వీధులు ఇకనుంచి వీధులు కావు. వాటిమీద తిరిగే ఆటోలు పడవలు. నడిపేవాళ్ళకి పడవ లైసెన్సు ఉండాలి, దానికి ఈత రావాలి. ఈత పరీక్ష పెట్టడానికి నదిలో నీళ్ళు లేవు కనక మౌఖిక పరీక్ష పెట్టారు.

గవ్వలపేట ఆటో డ్రైవర్ దావీదుని, నీళ్ళలో పడితే ఏం చేస్తావని అడిగారు. అతను పుట్టి పెరిగింది సముద్రపు ఒడ్డున, చేపలా ఈదేవాడు.

"ఏ నీళ్ళండీ?" అన్నాడు దావీదు.

ఫెయిలయ్యాడు. అతని వెనకవాడు ఈదుతానండి అని చెప్పి పాసయ్యాడు. ప్రయాణికులందరూ ప్రాణరక్షణ కవచం తొడుక్కోవాలన్నారు. ఊళ్ళో ఆ కవచాలు దొరక్కపోయేసరికి గాలి నింపిన లారీ ట్యూబయినా చాలునని సడలింపు ఇచ్చారు. గుమాస్తాలూ పంతులమ్మలూ మెళ్ళో ట్యూబులతో ఉద్యోగాలకి పోసాగారు. రోడ్డు దాటే చోట్లకి రేవులని బోర్డులు పెట్టారు. రేవు కానిచోట దాటినవాళ్ళని ప్రాణాలకు తెగించినందుకు పోలీసులు మందలించారు. మార్కెట్ దగ్గర స్కూటరూ సోడాబండీ గుద్దుకుంటే రెండు నావలు ఢీకొన్నట్టు కేసు రాశారు. సోడా బండివాడిది ఏ రేవు అని అడిగితే వాడు బిక్కమొహం వేశాడు.

మత్స్యశాఖవాళ్ళు మేమేమన్నా తక్కువా అన్నారు. ఒక మంచిరోజు చూసి, బాజాభజంత్రీలతో నీలం గీత మీద చేపపిల్లల్ని విడుదల చేశారు. కాకులు తరలివచ్చాయి. విడుదలైన చేపపిల్లలు నూటికి నూరుపాళ్ళు వినియోగంలోకి వచ్చాయని నివేదిక వెళ్ళింది. సాయంత్రాలు నదీహారతి మొదలైంది. హారతికి వచ్చేవాళ్ళకి అచ్చియ్యమ్మ ఇడ్లీలతోపాటు బజ్జీలు కూడా అమ్మింది. బేరం బాగా సాగింది. మీ నది చల్లగా ఉండాలమ్మాయ్ అని హైమవతిని దీవించేది. ఆ దీవెన వినగానే హైమవతి ఏదో పని ఉన్నట్టు అక్కణ్ణించి తప్పుకునేది.

మబ్బులు కమ్మే రోజులు దగ్గరపడ్డాయి. హైమవతి రోజూ ఆఫీసుకి వెళ్ళి తూము సంగతి అడిగేది. మొదట ఆ ఫైలు నదీసంరక్షణ విభాగంలో ఉందన్నారు. అక్కడికి వెళితే, నదీగర్భంలో ఉన్న పూడిక నగర వారసత్వ సంపద అవునో కాదో తేలేదాకా తట్టెడు మట్టి కూడా ఎత్తడానికి వీల్లేదన్నారు. వాదించి వాదించి ఆమె చివరికి పానకాలరావు గారి దగ్గరికే చేరింది. ఆయన పటం పరిచి, కళ్ళజోడు సవరించుకుని వేలితో వెతికారు.

"మీరు చెప్పే తూము సదరు నదీమార్గంలో లేదే. నది లేనిచోట తూము అవసరం ఏమిటి?"

పానకాలరావు గారు ఆలోచనలో పడ్డారు. నది లేని తూము నిరుపయోగ కట్టడం కిందికి వస్తుందనీ, నిరుపయోగ కట్టడం ప్రజలకి ప్రమాదకరమనీ చెప్పి, ఆమె కళ్ళముందే ఫైలు మీద రాశారు. నది వార్షికోత్సవం అయిన వెంటనే ఆ తూముని కాంక్రీటుతో శాశ్వతంగా మూసివేయవలెను. అంతేకాక, ఈ మార్గం సరైనదని ధ్రువీకరిస్తూ మీరే సంతకం చేశారు కదా అని ఆ కాగితం తీసి ఎంతో మర్యాదగా చూపించారు.

ఈ వార్త ఆమెకన్నా ముందే గవ్వలపేట చేరింది. ఆమె వెళ్ళేసరికి అచ్చియ్యమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన ఇడ్లీల గిన్నె మూత కూడా తీయలేదు.

"కొండెక్కే ఏరుకి నువ్వే సంతకం పెట్టావంట గదా?"

ఎప్పుడూ మీరనే మనిషి నువ్వంది. హైమవతి తల వంచుకుని, తూము తెరుస్తారని పెట్టాను పిన్నీ అంది.

"ఎదవలు చెప్పింది నమ్మితే నమ్మావు, ఊళ్ళో సగంమంది నమ్మారు. నాకొక మాట చెప్పాల్సింది. ఆరు నెలల్నించీ హారతికాడ నిన్ను దీవించేను గదే అమ్మాయ్," అంది అచ్చియ్యమ్మ. లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట హైమవతి అన్నం తినలేదు. గది ఖాళీ చేసి వెళ్ళిపోదామనుకుని బట్టలు సర్దుకుంది. మళ్ళీ ఆలోచించి, సంచీలోంచి బట్టలన్నీ తీసి దండెం మీద వేసింది. తాను చెడగొట్టింది బాగుచేయకుండా వెళ్ళడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

వార్షికోత్సవం బులిస్వామి గారి ఫంక్షన్ హాల్లోనే ఏర్పాటు చేశారు. ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లవారినా తగ్గలేదు. వేదిక మీద కమిషనర్ గారు గవ్వలేటి గంభీర ప్రవాహం గురించి ప్రసంగిస్తున్నారు. హైమవతి వెనక వరసలో కూర్చుంది. వంటశాల వైపునుంచి ఏదో గుబగుబమన్న చప్పుడు ఆమెకే ముందు వినపడింది. ఏళ్ళతరబడి మూతలకి చెవి ఆనించి విన్న చప్పుడే అది, ఇప్పుడు మూత లేకుండా వస్తోంది. క్షణంలో వంటశాల గచ్చు పగిలింది. ఎర్రటి నీళ్ళు సాంబారు గుండిగల్ని చంకనెత్తుకుని హాల్లోకి నడిచి వచ్చాయి. కుర్చీలు తేలాయి. సభికులు ట్యూబులు మెళ్ళో వేసుకునే వచ్చారు గనక ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నిబంధన వల్ల ఉపయోగం కలిగింది ఆ ఒక్కరోజే.

కమిషనర్ గారు వేదిక మీద బల్లెక్కి నిలబడి, ఈ నీళ్ళెవరివి అని అడిగారు.

"గవ్వలేటివండి," అంది హైమవతి నడుంలోతు నీళ్ళలోంచి.

పానకాలరావు గారు పక్క బల్లమీదనుంచి ఖండించారు. గవ్వలేరు ఈ సమయంలో గెజిట్ ప్రకారం పక్క సందులో ప్రవహిస్తూ ఉంటుంది. కనక ఇది గవ్వలేరు కాదు. అనుమతి లేకుండా ప్రైవేటు స్థలంలోకీ, కార్పొరేషన్ పరిధిలోకీ ప్రవేశించిన వేరే ఏదో ప్రవాహం. చట్టం దృష్టిలో ఇది ఆక్రమణ.

గవ్వలపేట ఆ రోజు ఎప్పటికన్నా ఎక్కువగా మునిగింది. హైమవతి ఈదినంత పని చేసి ఇల్లు చేరింది. అచ్చియ్యమ్మ అటక మీదనుంచి చెయ్యి అందించి పైకి లాగింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, గుమ్మంలోంచి తేలిపోతున్న సామాను చూశారు. కాసేపటికి అచ్చియ్యమ్మ తన పొడి చీర చెంగుతో హైమవతి తల తుడిచింది.

నాలుగో రోజుకి కూడా ఫంక్షన్ హాల్లో నీళ్ళు పోలేదు. పెళ్ళిళ్ళ రోజులు ముంచుకొచ్చాయి. ఆక్రమణదారుని తక్షణం ఖాళీ చేయించకపోతే ఊరుకునేది లేదని బులిస్వామి గారు కమిషనర్ మీద విరుచుకుపడ్డారు. చట్టప్రకారం ముందు నోటీసు ఇవ్వాలన్నారు పానకాలరావు గారు. అనుమతి లేకుండా ప్రవహించినందుకు ఏటికి నోటీసు తయారైంది. తీసుకునే మనిషి లేక, ఏటితో పరిచయం ఉన్న వ్యక్తి అని చెప్పి హైమవతికి అందించారు.

ఆమె ఆ నోటీసు చదివి మొదట నవ్వింది. రెండోసారి చదివినప్పుడు నవ్వు ఆగిపోయింది. గబగబా లైబ్రరీకి పోయి ఆక్రమణల చట్టం తెచ్చుకుని ఆ పగలంతా చదివింది.

విచారణ రోజున బంట్రోతు గుమ్మంలో నిలబడి అనుమతి లేని ఏరూ అని ముమ్మారు పిలిచాడు. హాజరు అంది హైమవతి. ఆక్రమణ నిజమేనా అని పానకాలరావు గారు అడిగారు. ఏటి తరఫున ఆమె నేరం ఒప్పుకుంది. సాకులేమీ చెప్పలేదు. అక్కడున్నవాళ్ళందరూ తేలికగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఖాళీ చేసి పోవడానికి ఏటికి అభ్యంతరం లేదండి," అంది ఆమె. "ఎటు పోవాలో తమరే సెలవియ్యండి."

పానకాలరావు గారు పుస్తకం తెరిచారు. ఆక్రమణదారుని కార్పొరేషన్ పరిధి వెలుపలికి పంపవలెనని ఉంది. పరిధి వెలుపల ఉన్నది సముద్రమే. పోయే దారిలో అడ్డంకులుంటే వాటిని తొలగించే బాధ్యత కార్పొరేషన్‌దే అని కూడా ఉంది. ఏ దారి అని అడిగితే హైమవతి తన పాత పటం విప్పి తూము చూపించింది. ఉన్న దారి అదొక్కటే. బులిస్వామి గారి మొహం మాడింది. తూము తెరవాలంటే తన వంటశాల కొట్టేయాలని అప్పుడాయనకి అర్థమైంది. ఫర్వాలేదు, ఏటిని ఉండనివ్వండి, పాపం ఆడకూతురు లాంటిది అన్నారు.

పానకాలరావు గారు తల అడ్డంగా ఊపారు. "నేరం ఒప్పుకున్నాక వదిలిపెట్టే నిబంధన లేదండి. ఫిర్యాదు తమరిదే."

కమిషనర్ గారు పానకాలరావు గారి వైపు చూసి, బులిస్వామి గారి వైపు చూసి, కిటికీలోంచి వాన వైపు చూసి, సంతకం పెట్టారు.

మర్నాడు ఆక్రమణల తొలగింపు దళం పోలీసు బందోబస్తుతో దిగింది. పొక్లెయిన్ వంటశాల గోడ పడగొట్టింది. తూములోంచి ఇటుకలు, సిమెంటు బస్తాలు, గుట్టలకొద్దీ విస్తరాకులు బయటికి తీసింది. గవ్వలపేట అంతా గట్టుమీద చేరింది. ఆఖరి బండ కదలగానే ఏరు ఒక్కసారి సుడి తిరిగి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు కాస్త ఆగి, బుడబుడమంటూ తూములోకి దూకింది. పేట వీధుల్లోంచి నీళ్ళు చూస్తూండగానే తీసిపోయాయి. హైమవతి గట్టుమీద కూలబడి ఏడ్చేసింది. అచ్చియ్యమ్మ ఆమె వీపు నిమురుతూ, మీ ఏరు బుద్ధిమంతురాలేనమ్మాయ్, పొమ్మనగానే పోయింది అంది.

పానకాలరావు గారు గొడుగు కింద నిలబడి, ఆక్రమణదారు స్వచ్ఛందంగా సముద్రంలోకి నిష్క్రమించినది అని ఫైలు మీద రాశారు. కాగితం మడవబోతూ ఆగి హైమవతిని అడిగారు.

"ఇది మళ్ళీ వస్తుందా?"

"వాన పడితే వస్తుందండి. ఏటా వస్తుంది."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కలం తీశారు. ఏటా చేసే నేరం అయితే అది అలవాటైన నేరం అన్నారు. అలవాటైన నేరస్తుల మీద ముందుజాగ్రత్త చర్య తీసుకోవాలని చట్టంలో స్పష్టంగా ఉందట.

నీలం నది ఇప్పటికీ కొండవీధి మెట్లెక్కి దిగుతూనే ఉంది. దానికి ఏదో పురస్కారం కూడా వచ్చింది. దావీదు రెండోసారి పరీక్షకి వెళ్ళి పాసయ్యాడు. ఇక ప్రతి ఏడాదీ తొలకరికి ముందే తొలగింపు దళం బందోబస్తుతో వచ్చి, తూము అడుగంటా గీకి, గవ్వలేటిని ముందస్తుగా ఊరు దాటించే ఏర్పాటు చేసి పోతోంది. గవ్వలపేట మునిగి చాలా కాలమైంది. వీరన్నపట్నంలో ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా జరిగే పని అదొక్కటే. ఎందుకంటే అది అభివృద్ధి పని కాదు, శిక్ష.